వజూ నిలవనివ్వని అంబలి

సెప్టెంబరు 28, ఆదివారం

నా పేరు మెహబూబున్నీసా. దూదేకే ఖాదర్ భార్యను. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఆధార్ కార్డులో నా వయసు డెబ్బై ఒకటి. అది రాసుకున్నవాడు నా మొహం చూసి వేసుకున్న లెక్క. డెబ్బై అయిదు దాటాయని నాకు తెలుసు. ఉండేది ప్రొద్దుటూరు. ఇంట్లో ముగ్గురం: నేను, నా కొడుకు షాకీర్, వాడి భార్య రుక్సానా. షాకీర్ చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రుక్సానా పులివెందుల పిల్ల. మనవరాలు రిహానా ఇడుపులపాయలో హాస్టల్లో ఉండి చదువుతోంది, కాబట్టి ఆమెను లెక్కలో వేయలేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రుక్సానా రాస్తోంది. నా ఫిర్యాదు రుక్సానా మీదే. పగటిపూట ఈ ఇంట్లో రాయడం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. అందుకని ముద్దాయి చేతే రాయించాల్సి వచ్చింది.

"నా మీద నేనే రాసుకోవాల్నా అత్తా?" అంది.

"చేసేటప్పుడు లేని సిగ్గు రాసేటప్పుడు ఎందుకు మే? రాయి."

రాస్తోంది.

నిన్న డాక్టరు సుధీర్ దగ్గరికి వెళ్లాము. కడుపు నొక్కాడు, తట్టాడు, చెవి గొట్టం పెట్టి విన్నాడు. "పెద్దమ్మా, దినామూ పొద్దున ఏం తింటాండావు, తిన్యాక ఏమయితాంది, అంతా ఒక నోటుబుక్కులో రాయించు. పదైదు దినాలకు ఎత్తుకొని రా. అప్పటికీ తగ్గకుంటే కెమెరా వేసి చూద్దాం" అన్నాడు. ఆ కెమెరా ఎటునుంచి వేస్తారో రుక్సానా బయటికొచ్చాక చెప్పింది. ఈ పుస్తకం శ్రద్ధగా రాయించాలని అక్కడే, మెట్ల మీదే నిశ్చయించుకున్నాను.

జరిగింది ఇది. ఎండాకాలంలో షాకీర్‌కు షుగరు పెరిగింది. రుక్సానా ఫోను పట్టుకుని కూర్చుని ఏవేవో చూసి, ఇంట్లోంచి ఇడ్లీ పిండి గిన్నెను, బొరుగుల డబ్బాను పంపించేసింది. ఆ చోట కొర్రలు, అరికెలు, ఊదలు, అవిసె గింజలు వచ్చి కూర్చున్నాయి. పొద్దున్నే పెద్ద గ్లాసు నిండా కొర్ర అంబలి. అది కాకపోతే అరికెల ఉప్మా. దాని మీద అవిసె పొడి. ఎందుకు అంటే పీచు అంటుంది. పీచు అంటే కొబ్బరికాయ మీద ఉండేదనుకున్నాను ఇన్నాళ్లు.

కొర్రలు నాకు కొత్త కాదు. మా నాయన ఇంట్లో అవే కూడు, వరి అన్నం పండక్కి. ఆ కొర్రలు దాటుకుని అన్నంలోకి రావడానికి మాకు రెండు తరాలు పట్టింది. ఈ పిల్ల రెండు నెలల్లో నన్ను వెనక్కి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

తిన్న గంటకు కడుపు బిగుస్తుంది. తర్వాత మోగడం మొదలవుతుంది. మా ఆయన దూదేకే విల్లు ఎట్లా టంగు టంగుమనేదో అట్లా. తర్వాత గాలి.

డాక్టరుకు మా సంగతి తెలియదు, కాబట్టి విడమరిచి చెబుతున్నాను. నమాజుకు ముందు చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతుల దాకా, కాళ్లు, వరసగా కడుక్కోవాలి. అది వజూ. మరుగుదొడ్డికి వెళ్లినా, నిద్రపోయినా, కింద నుంచి గాలి పోయినా వజూ పోతుంది. మళ్లీ మొదటి నుంచి కడుక్కోవాలి. నమాజు మధ్యలో పోతే ఆ నమాజూ పోతుంది.

నలభై ఏళ్లుగా నేను మధ్యాహ్నం జొహర్‌కు చేసుకున్న వజూతోనే అసర్, మగ్రిబ్, ఇషా, నాలుగు నమాజులూ చదివేదాన్ని. ప్రొద్దుటూరులో అట్లా నిలుపుకున్న ఆడది ఇంకొకతె ఉంటే చూపించండి. ఇప్పుడు ఒక్క నమాజు దాకా కూడా నిలవడం లేదు. కడుపు నొప్పి నాకు లెక్క కాదు. నా వజూ నాకు కావాలి. ఇదే నా ఫిర్యాదు.

ఈ రోజు తిన్నది: కొర్ర అంబలి, ఒక గ్లాసు.

"నీళ్లు ఎన్ని తాగినావని రాయాల అత్తా?"

"నీళ్లు తిండా? రాయొద్దు."

సెప్టెంబరు 29, సోమవారం

అరికెల ఉప్మా. అందులో బీన్సు, ఇంకా ఏవో ఆకులు. పైన అవిసె పొడి. జొహర్‌కు మూడు వజూలు. అసర్‌కు నాలుగు. మగ్రిబ్‌కు రెండే, అప్పటికి కడుపు కూడా అలిసిపోయింది.

సెప్టెంబరు 30, మంగళవారం

నిన్నటిదే. నొప్పి ఎడమ పక్కకు జరిగింది.

అక్టోబరు 1, బుధవారం

నిన్న, మొన్న రాసినవి చదివి వినిపించమన్నాను. వినిపించింది. నేను చెప్పినదానికంటే మర్యాదగా ఉంది. మర్యాద తీసెయ్యి అన్నాను. పెన్నుతో రాసినది పోదట.

పొద్దున ఆమెకూ నాకూ మాటా మాటా వచ్చింది. అది కూడా రాయిస్తున్నాను.

"రేపు నాకు ఉగ్గాని చెయ్యి మే. బొరుగులు తడిపి తాలింపు పెట్టేదానికి ఎంత సేపు?"

"ఆ బొరుగుల్లో ఏముండాది అత్తా, గాలి తప్ప?"

"గాలి నీ అంబలిలో ఉండాది. నా బొరుగుల్లో ఏం లేదు."

"వయసైనోళ్లకు పీచు శానా అవసరం అత్తా."

"పీచు సంగతి నాకా చెప్పేది? నలభై ఏండ్లు మీ మామ దూది ఏకితే ఆ పీచంతా నా గొంతులోకే పోయింది. ఇంగా చాలలేదా?"

"ఆయనకు ఒగటి, నీకు ఒగటి చెయ్యాలంటే నేను ఎన్నింటికి లేయాల? ఆయన బస్సు ఆరున్నరకు. నాకు నాలుగు చేతులు ఉండాయా?"

"అయితే నాకు చెయ్యొద్దు. పస్తుంటా."

"పస్తుంటే ఇంగా గ్యాసు పడతాది."

ఈ చివరి మాట రాసేటప్పుడు ఆమె నవ్వుతోంది. అది కూడా రాయి అన్నాను.

సాయంత్రం షాకీర్ వచ్చాడు. నా దగ్గర కూర్చుని, "మా, నాకు దిగిందిమా. మూడు నూర్లు ఉన్న్యది నూట యాభైకి వచ్చింది" అన్నాడు.

"నీకు దిగింది. నాకు ఎక్కింది" అన్నాను.

వాడు పడీపడీ నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

కొడుక్కి షుగరు దిగినందుకు నాకు సంతోషం లేదని ఎవరూ అనుకోకూడదు. అల్లాకు శుక్రియా చెప్పుకోవడానికి రెండు రకాతులు, అంటే నమాజులో రెండు విడతలు, ఎక్కువ చదివాను. ఆ రెండింటికి అయిదు వజూలు పట్టాయి.

అక్టోబరు 2, గురువారం

కొర్ర అంబలి సగం తాగి మిగతాది పక్కింటి తులసమ్మ వాళ్ల బర్రె కుడితిలో పోశాను. రుక్సానా చూడలేదు. ఇప్పుడు రాస్తూ తెలుసుకుంది. సగం తాగినా వజూలు అన్నే.

అక్టోబరు 3, శుక్రవారం

ఈ రోజు సంగతి చెప్పాలని లేదు. కానీ చెప్పకపోతే ఫిర్యాదుకు బలం ఉండదు.

జుమ్మా రోజు మగవాళ్లు మసీదుకు వెళ్తారు. ఆడవాళ్లు తొమ్మిది, పది మంది మా వరండాలోకి వస్తారు. ఎవరి జొహర్ వాళ్లు చదువుకుని, తర్వాత అందరం గుండ్రంగా కూర్చుని ఖురానులోని యాసీన్ అధ్యాయం చదువుతాము. ముందు కూర్చునేది నేను. అక్షరం రాకపోయినా యాసీన్ మొత్తం నాకు నోటికి వచ్చు. మా అత్త విల్లు చప్పుడులోనే నేర్పించింది. నేను ఒక ముక్క చెబితే వాళ్లు చెబుతారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. నా వరండాలో వజూ లేకుండా ఎవరూ యాసీన్‌కు కూర్చోకూడదు. ఆ కట్టుబాటు నేను పెట్టిందే.

ఈ రోజు జొహర్ మూడో రకాతులో పోయింది. లేచి పెరట్లో ట్యాపు దగ్గరికి వెళ్లి వజూ చేసుకుని వచ్చి మొదలుపెట్టాను. మళ్లీ పోయింది. మళ్లీ వెళ్లాను. మూడోసారి వెళ్తుంటే నాకు వాళ్లందరి వీపులూ కనపడ్డాయి. నమాజు ముగించి కూర్చుని ఉన్నారు. ఎవరూ తల తిప్పలేదు. తిప్పి ఉంటే బాగుండేది.

అప్పుడు వెనక సందు బిస్మిల్లా బీ అంది, "అక్కా, నువ్వు నిదానంగా రా. నేను మొదలుపెడతాలే."

ఈమె పద్నాలుగేళ్లు కువైట్లో ఇంటి పనులు చేసి పోయిన ఏడాది తిరిగి వచ్చింది. నాకంటే పదేళ్లు చిన్నది. అక్కడ చదవడం నేర్చుకుందట. కితాబు తెరిచి, అరబ్బుల లాగా గొంతులోంచి పలుకుతూ మొదలుపెట్టింది.

నేను వచ్చేసరికి నా చోట్లో ఆమె కూర్చుని ఉంది. మధ్యలో ఆపడం పద్ధతి కాదు. గడప పక్కన, చెప్పులు విడిచిన చోట కూర్చున్నాను. నా వరండాలో, నా చెప్పుల పక్కన.

వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "ఆరోగ్యం చూసుకో అక్కా, వచ్చే వారం కూడా నేను చెప్తాలే" అంది.

పొద్దున తిన్నది: ఊదల ఇడ్లీ నాలుగు. అవి ఇడ్లీలు అని రుక్సానా అంటోంది.

అక్టోబరు 4, శనివారం

అంబలి. చెప్పే ఓపిక లేదు.

అక్టోబరు 6, సోమవారం

నిన్న రాయించలేదు. రిహానా ఫోను చేస్తే అంతా చెప్పాను. "జేజీ, నువ్వు మా క్యాంటీనుకు రా, ఆడ ఏ పీచూ ఉండదు" అంది. తల్లి కంటే నయం.

ఈ రోజు రుక్సానా ఒక కొత్త సంగతి తెచ్చింది. మసీదులో నమాజు చదివించే హజ్రత్ భార్యను అడిగి వచ్చిందట, నన్ను అడగకుండా.

"వజూ అస్సలు నిలవనోళ్లను మాజూర్ అంటారంట అత్తా. ఒక్కో నమాజు టయానికి ఒగసారి చేసుకుంటే చాలంట. మధ్యలో పోయినా మాఫీ అంట."

"అది ఎవరికి? ఆగకుండా పోయే జబ్బు అల్లా ఇచ్చినోళ్లకు. నాకు ఇచ్చింది అల్లా కాదు. నువ్వు."

"నీ మంచికే గదా అడిగొచ్చినా."

"మంచి చేసేదానివి కొర్రలు ఆపు. నన్ను మాజూర్ చేసి, నీ అంబలికి మాఫీ తెచ్చుకుంటాండావు."

ఆమె పెన్ను కింద పెట్టేసింది. కళ్లు తుడుచుకుంది. అయిదు నిమిషాలు ఆగి మళ్లీ తీసుకుంది. ఏడ్చినదానికి కారణం పొద్దున్నే లేవడం అని అంటోంది. ఆమె చెప్పినట్టే రాయనిచ్చాను.

జొహర్‌కు నాలుగు వజూలు.

అక్టోబరు 7, మంగళవారం

రేపు జమ్మలమడుగు వెళ్తున్నాను. నా చెల్లెలు హుసేన్ బీకి మోకాలు నొప్పి. చూసి రావాలి. శనివారం వస్తాను. మధ్యలో జుమ్మా వస్తుంది, ఏం చేస్తాం, మోకాలు నొప్పి చెప్పి రాదు కదా.

అక్టోబరు 11, శనివారం

జమ్మలమడుగులో నాలుగు రోజులు ఉన్నాను. ఎర్రకారం దోసెలు, ఉగ్గాని, బజ్జీ. ఒక్క కొర్ర గింజ కూడా నోట్లోకి పోలేదు. కడుపు చక్కగా ఉంది.

"చక్కగా ఉన్యదా అత్తా? పిన్నమ్మ ఫోను చేసింది. దినామూ సోడా తాగినావంట గదా. పొద్దున పెరట్లో గంటసేపు కూచొని ఏమీ కాక తిట్టుకుంటా లేచి వచ్చినావంట."

"చక్కగా ఉంది అని రాయి."

చక్కగా ఉంది.

జుమ్మా బాగా జరిగిందట. పదమూడు మంది వచ్చారట. నేను అడగలేదు. రుక్సానాయే చెప్పింది.

అక్టోబరు 12, ఆదివారం

రేపు డాక్టరు దగ్గరికి వెళ్లాలి కాబట్టి పుస్తకం మొదటి నుంచి చదివించుకున్నాను. మధ్య మధ్యలో ఆమె చూపు పక్కకు పోయి వస్తోంది. చదువు రాకపోయినా కళ్లు ఎటు పోతున్నాయో నాకు తెలుస్తుంది.

"ఆ అంచున ఏముండాది?"

"ఏం లేదత్తా."

"అల్లా మీద ఆన పెట్టి చెప్పు."

చెప్పింది. ప్రతి రోజూ పేజీ అంచున చిన్న అక్షరాలతో ఆమె రాసుకుంది. నీళ్లు: ఒక గ్లాసు. నీళ్లు: ముక్కాలు గ్లాసు. నీళ్లు: ఒక గ్లాసు, అది కూడా మాత్రకు. మొదటి రోజు నుంచీ.

"నేను రాయొద్దంటి గదా?"

"డాక్టరు అంతా రాయమన్యాడు గదా."

"చింపెయ్యి."

"చింపితే ఎనకపక్క నా మీద నువ్వు చెప్పిందంతా పోతాది."

అది నిజమే. అందుకని చింపలేదు.

అక్టోబరు 13, సోమవారం

డాక్టరు పుస్తకం అంతా చదివాడు. బయట జనం ఉన్నారని కాంపౌండరు రెండుసార్లు తలుపు తీసి చూసినా చదువుతూనే ఉన్నాడు. బర్రె కుడితి దగ్గర నవ్వాడు. గడప దగ్గర నవ్వలేదు. తర్వాత వేలితో పేజీ అంచు మీదుగా కిందికి వచ్చాడు.

"పెద్దమ్మా, దినానికి ఒక గ్లాసు నీళ్లతో ఎట్ల బతుకుతాండావు?"

"బాగానే బతుకుతాండా."

"దప్పిక కాదా?"

"అయితాది. అయితే ఏంది?"

ఆయన పెన్ను పక్కన పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. చెప్పేదాకా వదలడని అర్థమైంది. చెప్పాను.

"నాయనా, మేం ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టేటోళ్లం. జమ్మలమడుగు, పులివెందుల, ఎర్రగుంట్ల. ఎవరు పిలిస్తే వాళ్ల వాకిట్లో ఆయప్ప దూది ఏకుతాడు, పక్కన కూచొని నేను కుడతా. పొద్దు పొడిచినకాన్నుంచి పొద్దు గుంకేదాకా. మగోడు యాడన్నా గోడ చాటుకు పోయి వస్తాడు. నేను యాడికి పోదును? వాళ్ల ఇంట్లోకి రానిస్తారా? తాగకపోతే పోయే పనే లేదు. అట్ల నేర్చుకున్యా. తర్వాత పని మానుకున్యా గానీ అలవాటు పోల్యా. పోకపోవడమే మంచిదాయె. నీళ్లు తాగకుంటే వజూ పోదు. నలభై ఏండ్లు నాలుగు నమాజులు ఒగ వజూతో చదివినానంటే ఊరికేనా?"

డాక్టరు పెన్ను మళ్లీ తీసుకున్నాడు. రుక్సానా నేల వైపు చూస్తోంది.

"పీచు నీళ్లు లేని చోట ఎండిపోయి గడ్డ కడతాది పెద్దమ్మా. నీ బొంతలో దూది ఉండ కట్టినట్ల. నీళ్లు దొరికితే మెత్తబడి జారిపోతాది. నువ్వు ఇడ్లీ తిన్నన్ని దినాలు ఎట్లనో నడిచింది. ఇప్పుడు పీచు పెరిగె, నీళ్లు పెరగకపాయె. కదలక ఆడనే ఉండి గాలి పుట్టిస్తాంది. జమ్మలమడుగులోనూ అందుకే తగ్గల్యా. ముందుది ఇంగా బయటికి పోతే గదా."

జమ్మలమడుగు సంగతి చక్కగా ఉంది అని మాత్రమే నేను రాయించింది. దాని పైన ముద్దాయి మాటలు కూడా అట్లాగే ఉండిపోయాయి. నాదే తప్పు, ఆ పేజీ చింపించి ఉండాల్సింది.

తర్వాత ఆయన రుక్సానా వైపు తిరిగాడు. "నీదీ తప్పే మా. ఈ వయసు కడుపుకు ఒకేసారి ఇంత పీచా? పావు గ్లాసుతో మొదలుపెట్టాల. ఆ అవిసె పొడి ఇప్పటికి ఆపు. రెండు దినాలు ఇడ్లీ, ఒక దినం అంబలి. నీళ్లు మాత్రం దినానికి ఎనిమిది గ్లాసులు. కెమెరా ఇప్పుడు వద్దులే."

ఆటోలో రాయించలేము కాబట్టి ఇంటికి వచ్చాక రాయిస్తున్నాను. రుక్సానాది తప్పు అని డాక్టరు అన్నాడు. ఇది పెద్ద అక్షరాలతో రాయి.

మిగతా తప్పు ఎవరిదో ఆయన పేరు పెట్టి చెప్పలేదు.

అక్టోబరు 14, మంగళవారం

డాక్టరుకు చూపించడం అయిపోయింది కదా, ఇంకా ఎందుకు రాయడం అని రుక్సానా అడిగింది. ఇప్పుడు ఇది నా పుస్తకం. రాయి.

నీళ్లు తాగకపోతే గాలి. నీళ్లు తాగితే అరగంటకొకసారి దొడ్లోకి. ఎటు చూసినా నా వజూ పోయినట్టే. ఆ డాక్టరు నాకు ఏం బాగు చేసినట్టు? నా వజూ తిరిగి ఇస్తాడని వెళ్తే, పోగొట్టుకునే కొత్త దారి చూపించి పంపాడు. రాత్రంతా నిద్ర లేదు. నలభై ఏళ్లు నేను నిలిపింది వజూనా, దప్పికనా అని ఒక ఆలోచన వచ్చింది. అది రాయొద్దు.

రాసేశావా? సరే, ఉండనీ.

నీళ్లు: అయిదు గ్లాసులు. అంచున కాదు, నడుమనే రాయి.

అక్టోబరు 15, బుధవారం

ఇడ్లీ. నీళ్లు ఎనిమిది. వజూలు పదకొండు. దొడ్లోకి ఎన్నిసార్లు పోయానో లెక్క పెట్టలేదు. రుక్సానా చేతిలో చెంబు పట్టుకుని నా వెనకాలే తిరుగుతోంది, గొర్రె వెనకాల కాపరి తిరిగినట్టు. "తాగు అత్తా. ఇంగొక్క గుక్క."

అక్టోబరు 16, గురువారం

కడుపు మెత్తబడింది. పొద్దున ఏ ఇబ్బందీ లేకుండా అయింది. ఎన్నాళ్లకో. ఇది ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యం, అయినా ఉన్నది ఉన్నట్టు రాయిస్తున్నాను. గాలి ఇంకా ఉంది, తక్కువ. జొహర్‌కు రెండు వజూలు.

ట్యాపు దగ్గర వంగి వంగి నడుము పట్టేస్తే, రుక్సానా ఒక పీట తెచ్చి వేసింది. కూర్చుంటే నీళ్లు పోసింది. మూడోసారి పోసేటప్పుడు అంది:

"పులివెందులలో నేను బళ్లో ఉన్నప్పుడు ఆడపిల్లల దొడ్డికి తలుపు లేదత్తా. పొద్దున నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టేదాన్ని కాదు. బడి ఇడిచిపెట్టినాక ఇంటికి ఉరుకో ఉరుకు. ఎన్నో తరగతి దాకా చదివినావని అడుగుతారు గానీ, ఎట్ల చదివినావని ఎవరూ అడగరు."

"నాకు ఎప్పుడూ చెప్పల్యా?"

"నువ్వు చెప్పినావా?"

నేను కాళ్లు కడుక్కున్నాను. ఆమె రెండో కాలి మీద కూడా పోసింది.

రేపు జుమ్మా.

అక్టోబరు 17, శుక్రవారం

పొద్దున పావు గ్లాసు అంబలి, ఒక ఇడ్లీ. ఆడవాళ్లు వచ్చేసరికి నాలుగు గ్లాసుల నీళ్లు.

ఈ రోజు జమ్మలమడుగులో ఎవరికీ మోకాలు నొప్పి లేదు. వరండా నేనే తుడిచి, చాపలు పరిపించాను. పదమూడు మంది వచ్చారు. బిస్మిల్లా బీ కితాబు గుడ్డలో చుట్టుకుని వచ్చి, నా చోటి పక్కన నిలబడింది. ఎవరి జొహర్ వాళ్లు చదువుకున్నాము. నాది ఒకసారి పోయింది. వెళ్లి చేసుకొచ్చి చదివాను. వాళ్లు కాచుకున్నారు. నేను సలాం తిప్పి నమాజు ముగించేసరికి ఆమె నా చోట్లో కూర్చుని ఉంది.

"జరుగు" అన్నాను.

"నీకు ఒంట్లో బాగలేదు గదక్కా."

"నోరు బాగుండాది. జరుగు మే."

జరిగింది.

అల్లా పేరు తలిచి, బిస్మిల్లా అని యాసీన్ మొదలుపెట్టాను. ఎనిమిది, తొమ్మిది ముక్కలు అయ్యాయి. ఇంకా సగం కూడా కాలేదు, నాకు తెలిసింది. పది రోజుల కింద అయితే పళ్లు బిగబట్టి కూర్చునేదాన్ని, పోయినా పోలేదనుకుని చదివేదాన్నేమో. ఇంతకుముందు అట్లా ఎప్పుడైనా చేశానా అని ఇప్పుడు అడగొద్దు.

ఆగిపోయాను. పదమూడు జతల కళ్లు నా మీదికి వచ్చాయి.

"నాకు వజూ పోయింది" అన్నాను, అందరికీ వినపడేటట్టు. "పోయి చేసుకొని వస్తా. నేను వచ్చేదాకా ఎవురూ మొదలుపెట్టొద్దు."

ఎవరూ నవ్వలేదు. పెరట్లోకి వెళ్లి పీట మీద కూర్చున్నాను. రుక్సానా చెంబుతో నీళ్లు పోస్తోంది. మోచేతుల దాకా వచ్చాను. వెనకాల అడుగుల చప్పుడు. తిరిగి చూస్తే మూలింటి రబియా, కొంగు నడుముకు చుట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది?"

"నాకూ పోయింది పెద్దమ్మా. ఇందాకనే. చెప్పేదానికి సిగ్గయింది."

ఆమె వెనకాల ఇంకొకతె. ఆమె వెనకాల మరొకతె. చివర్న బిస్మిల్లా బీ. కితాబు లోపల పెట్టి, చేతుల మీద గుడ్డ పైకి మడుచుకుని ఉంది.

"నువ్వూనా?"

ఆమె నా మొహం చూడలేదు. ట్యాపు వైపు చూస్తూ అంది, "కువైట్లో మేడమ్ ఇంట్లో మూడు అంతస్తులక్కా. పనోళ్ల బాత్రూము కింద ఒగటే. మాటిమాటికీ దిగితే తిడుతుంది. పద్నాలుగేండ్లు తాగల్యా. ఇప్పుడు తాగినా ఒగటే, తాగకున్నా ఒగటే. కడుపు ఎప్పుడూ ఇట్లనే ఉంటాది."

"పోయిన వారం ముందు కూచున్నప్పుడు?"

ఆమె గుడ్డ ఇంకొంచెం పైకి మడుచుకుంది. నేను రెండోసారి అడగలేదు. ఆ ప్రశ్న నా మీదికి తిరిగి రాగల ప్రశ్న.

"పొద్దుటి నుంచి మీలో ఎవురు ఎన్ని గ్లాసులు తాగినారు?" అన్నాను. రబియా ఒక వేలు చూపించింది. అది కూడా టీ అట.

ట్యాపు ఒక్కటే. మనుషులం అయిదుగురం. పెద్దదాన్ని కాబట్టి నాది ముందు ముగించుకున్నాను. తర్వాత పీట మీద నుంచి లేచి, రుక్సానా చేతిలో చెంబు తీసుకుని, బిస్మిల్లా బీ వైపు చూసి, "కూచో" అన్నాను. నేనే పోశాను. ఆమె మొహం కడుక్కునేటప్పుడు ఎక్కువసేపు కడుక్కుంది.

"రుక్సానా, బిందె తీసుకుపోయి వరండా నడుమ పెట్టు. గ్లాసులు ఎన్ని ఉంటే అన్ని."

యాసీన్ ఈ రోజు మసీదు నుంచి అసర్ నమాజు పిలుపు, బాంగు, వినపడేదాకా పట్టింది. మధ్యలో ఏడుసార్లు ఆగింది. లేచినవాళ్లు లేచారు, కూర్చున్నవాళ్లు వాళ్ల కోసం కాచుకున్నారు. కూర్చున్న చోటికే తిరిగి వచ్చి, వదిలిన ముక్క నుంచే అందుకున్నాము. ఒక్క ముక్క కూడా పోలేదు.

ఫిర్యాదు సంగతి. కొర్ర అంబలి మీద నా ఫిర్యాదు అట్లాగే ఉంది. దాని రుచి మీద కూడా ఇంకొకటి చేర్చు. రుక్సానా మీద ఉన్నదాన్ని తీసేస్తున్నాను. తీసేసినట్టు రాయి, కానీ ముందు రాసినది కొట్టేయొద్దు.

నేను చెప్పినదంతా చదివించుకుని విన్నాను. మర్యాద ఎక్కువైన చోట్లు తప్ప మిగతాది నా మాటే. ఇది నా ఎడమ చేతి బొటనవేలి ముద్ర. వజూ నీళ్లు ఆరకముందే వేసినందున సిరా కొంచెం పక్కకు పాకింది.

మెహబూబున్నీసా వేలిముద్ర

సాక్షులు:
రుక్సానా, రాసిన మనిషి
బిస్మిల్లా బీ, వెనక సందు